ఓస్లోలో ఓ లెక్క, బెజవాడలో ఇంకో లెక్క

కాఫీ తెచ్చుకుని కూర్చున్నారా? ఫోన్ మాత్రం పక్కన పెట్టకండి, ఇవాళ్టి కబుర్లు దాని గురించే. ఓసారి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూడండి. మీరు బెజవాడలో ఉన్నారనుకుందాం. సరిగ్గా ఇలాంటిదే, అదే కంపెనీ, అదే మోడల్, అదే రంగు, నార్వేలో ఓస్లో నగరంలో ఎవరి చేతిలోనో ఉందనుకుందాం. రెండూ ఒకే ఫ్యాక్టరీలో, ఒకే రోజున, ఒకే బెల్టు మీద వరసగా వచ్చాయనుకుందాం. మరి ఆ రెండింట్లో భూమికి ఎక్కువ భారం ఏది?

"ఒకే ఫోన్ అయినప్పుడు భారమూ ఒకటే కదండీ!" అంటారు. ఉండండి, తొందరపడకండి.

ముందు చిన్న లెక్క వేసుకుందాం. పెన్నూ కాగితం అక్కర్లేదు. ఐఫోన్ 13నే తీసుకుంటున్నాను. అదంటే నాకు మోజని కాదు, దాని జాతకం కంపెనీవాళ్ళే అచ్చేసి పెట్టారు కాబట్టి. గనుల్లోంచి లోహం తీసిన దగ్గర్నుంచి పారేసేదాకా మొత్తం 64 కిలోల బొగ్గుపులుసు వాయువు దాని ఖాతాలో రాశారు. అందులో 81 శాతం తయారీలోనే అయిపోతుంది. మన చేతికొచ్చాక వాడకానికి 16 శాతం, ఓడలూ విమానాలూ ఎక్కి తిరిగినందుకు 2 శాతం. ఇక పాడైపోయాక దాన్ని వదిలించుకోవడానికి అయ్యేది ఒక్క శాతం లోపేనట. ఈ 'ఒక్క శాతం లోపు' అన్న ముక్కతో నాకు పేచీ ఉంది. దాని సంగతి తర్వాత తేలుద్దాం.

ఇప్పుడు ఛార్జింగ్ సంగతి. రోజూ నిండుగా ఛార్జ్ పెట్టినా ఫోన్ తాగే కరెంటు ఏడాదికి ఆరు యూనిట్ల చుట్టూ ఉంటుంది. బిల్లులో ఏడాదంతా కలిపి యాభై రూపాయలు కూడా కాదు. ఛార్జర్ తీయలేదని పిల్లల మీద ఇల్లెగిరిపోయేలా అరిచే నాన్నలు ఇది చదివి కాస్త గొంతు తగ్గించుకోవచ్చు. మన దేశంలో ఒక యూనిట్ కరెంటుకి సగటున 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువు గాల్లో కలుస్తోందని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్క. అంటే బెజవాడ ఫోన్ ఛార్జింగ్ కోసం ఏడాదికి నాలుగు కిలోల పైచిలుకు. నార్వేలో కరెంటు దాదాపు 90 శాతం జలపాతాల పుణ్యమే. అక్కడ యూనిట్‌కి 30 గ్రాముల చుట్టూ పడుతుంది. ఓస్లో ఫోన్‌కి ఏడాదికి రెండొందల గ్రాములు కూడా ఉండదు. ఒకే ఫోన్, ఒకే ఛార్జర్, తేడా ఇరవై రెట్ల పైమాటే.

అలాగని ఐరోపా అంతా నార్వేలా కడిగిన ముత్యమనుకోకండి. బాల్టిక్ సముద్రం దాటి కిందికి దిగితే పోలండ్. అక్కడ సగానికి పైగా బొగ్గు కరెంటే, యూనిట్ లెక్కలో దాదాపు మనకి జోడీ. ఫ్రాన్స్‌కి వెళ్తే అణువిద్యుత్తు వల్ల మళ్ళీ 50, 60 గ్రాములకి పడిపోతుంది. 'విదేశాల్లో ఇలా, మన దగ్గర అలా' అని ఒక్క మాటతో గీత గీసేయడానికి లేదు.

ఇంతలో బెజవాడ పౌరుషం ఊరుకుంటుందా? "మాకు శ్రీశైలం ఉంది, సాగర్ ఉంది, మాది నీళ్ళ కరెంటే" అంటుంది. డ్యాములు ఉన్నమాట నిజమే. కానీ 2013 డిసెంబరు 31న రాయచూర్-షోలాపూర్ లైను కలిపిన దగ్గర్నుంచి దక్షిణాది గ్రిడ్డు మిగతా దేశంతో ముడిపడిపోయింది. ఇబ్రహీంపట్నం బొగ్గూ, రామగుండం బొగ్గూ, సీలేరు నీళ్ళూ, ఓర్వకల్లు ఎండా అన్నీ ఆ తీగల్లోనే కలిసిపోతున్నాయి. మీ ప్లగ్గులోకొచ్చిన కరెంటు ఏ ఊరిదో విడదీసి చెప్పడం బ్రహ్మతరం కాదు. చెప్పగలిగేది వేళని బట్టే. మిట్టమధ్యాహ్నం సోలార్ వాటా బాగా ఉంటుంది. పొద్దుగూకి, సీరియళ్ళూ ఏసీలూ ఒక్కసారిగా మొదలయ్యే వేళకి బొగ్గే దిక్కు. కాబట్టి ల్యాప్‌టాప్‌కి ఛార్జింగ్ పెట్టుకోవడానికి రాత్రి కంటే భోజనాల వేళ మేలు.

సరే, ఛార్జింగ్ పాపం ఏడాదికి నాలుగు కిలోలు. తయారీ పాపం 52 కిలోలు. ఈ 52 కిలోలూ ఓస్లో ఫోన్‌కీ ఉన్నాయి, బెజవాడ ఫోన్‌కీ ఉన్నాయి. అయితే ఆ పొగ ఓస్లోలోనూ లేవలేదు, బెజవాడలోనూ లేవలేదు.

"మన శ్రీసిటీలో ఫోన్లు తయారవుతున్నాయిగా?" అంటారా? అవుతున్నాయి, సంతోషం. శ్రీపెరంబుదూరులోనూ అవుతున్నాయి. వేలమంది ఆడపిల్లలు ఆ ఉద్యోగాలతో ఇంటికి డబ్బు పంపుతున్నారు. కానీ అక్కడ ముఖ్యంగా జరిగేది బిగింపు పని. చిప్పు, మెమరీ, తెర, ఇవే అసలు పొగని మోసుకొచ్చేవి. ఇవి చాలామటుకు తైవాన్, కొరియా, చైనాల నుంచి వస్తాయి. డబ్బా మీద 'మేడిన్ ఇండియా' అని ఉన్నా పొగ మాత్రం ఫారిన్‌దే.

తైవాన్ దగ్గర కాస్త ఆగుదాం. మన కథ అక్కడే రసకందాయంలో పడుతుంది.

తైవాన్‌కి వానలంటే తుఫాన్లే. ఏటా రెండో మూడో వచ్చి కొండల మీద కుమ్మరించి జలాశయాలు నింపి పోతాయి. 2020లో ఒక్క తుఫానూ తీరం దాటలేదు. 2021 వచ్చేసరికి 56 ఏళ్ళలో ఎరగని కరువు. చిప్పుల తయారీకి కేంద్రమైన షిన్చూ ఊరికి నీళ్ళిచ్చే బావ్‌షాన్ జలాశయాల అడుగు బీటలు వారింది. అక్కడే ఉంది టీఎస్‌ఎంసీ, మన ఫోన్ల గుండెకాయలు తయారుచేసే కంపెనీ. చిప్పు తయారీలో వేఫర్ అనే పల్చటి సిలికాన్ పళ్ళేన్ని వందల దశల్లో చెక్కుతారు. మాటిమాటికీ కడగాలి. మామూలు నీళ్ళతో కాదు, ఉప్పూ ఖనిజమూ ఏదీ లేకుండా వడగట్టి వడగట్టి, చివరికి తాగడానికి కూడా పనికిరానంత స్వచ్ఛమైన నీళ్ళతో కడగాలి. 2019లో టీఎస్‌ఎంసీ రోజువారీ వాడకం 1,56,000 టన్నులు, అంటే 15 కోట్ల లీటర్ల పైన. వాడిన నీటిలో చాలాభాగం మళ్ళీ శుద్ధి చేసి వాడుకుంటుంది, ఆ మాట చెప్పకపోతే అన్యాయం.

మరి కరువులో నీళ్ళెవరికి? ప్రభుత్వం తేల్చేసింది. వేల ఎకరాలు కాదు, 74 వేల హెక్టార్ల పొలాలకి సాగునీరు ఆపేసింది. రైతుకి పరిహారం ఇచ్చింది. ఫ్యాక్టరీల ముందు నీళ్ళ ట్యాంకర్లు బారులు తీరాయి. 2011లో మన కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించినప్పుడు దేశమంతా నోరెళ్ళబెట్టింది. అది గిట్టుబాటు కాక విసిగి రైతులే తీసుకున్న నిర్ణయం. తైవాన్ రైతుది వేరే కథ. నారు పోసుకున్నవాడికి సర్కారే వచ్చి ఈ ఏడు వద్దంది. పరిహారం అందింది కాబట్టి ఇంట్లో పొయ్యి వెలిగింది. కానీ వరి కోతల మీద, మిల్లు మీద, ట్రాక్టరు అద్దె మీద బతికే కూలివాడికి ఆ పరిహారంలో వాటా ఏముంటుంది? గోదావరి జిల్లాల్లో పుట్టిన ఎవరికైనా ఈ ప్రశ్న విడమరిచి చెప్పక్కర్లేదు.

కరెంటూ అంతే. ఆ దేశం మొత్తం కరెంటులో సుమారు 8 శాతం ఆ ఒక్క కంపెనీయే వాడుతోంది. అక్కడ బొగ్గూ గ్యాసే ఎక్కువ. యూనిట్‌కి అర కిలో చుట్టూ పడుతుంది. 2025 మేలో చివరి అణు రియాక్టరు కూడా ఆపేశారు. ఓస్లోవాసి నీళ్ళ కరెంటుతో ఫోన్ ఛార్జ్ చేసుకుంటూ తన దేశం ఎంత శుభ్రమో చెప్పుకోవచ్చు. ఆయన ఫోన్ తాలూకు పొగ మాత్రం షిన్చూవాళ్ళ ఖాతాలో ఉంది.

అసలు ఈ పని తైవాన్‌కి ఎలా వెళ్ళిందో తెలుసా? సన్నీవేల్, శాంటాక్లారా, మౌంటెన్ వ్యూ. ఈ పేర్లు వినగానే మీ చుట్టాల్లో ఒకరిద్దరి మొహాలు గుర్తొచ్చే ఉంటాయి. మనవాళ్ళు కోట్లు పోసి ఇళ్ళు కొనుక్కుంటున్న ఆ శాంటాక్లారా కౌంటీలోనే, అమెరికా మొత్తం మీద ఏ కౌంటీలోనూ లేనన్ని సూపర్‌ఫండ్ స్థలాలున్నాయి. మొత్తం 23. నేలా భూగర్భజలమూ విషమైతే, ప్రభుత్వం దగ్గరుండి శుభ్రం చేయించాల్సిన చోట్లన్నమాట. అప్పట్లో చిప్పుల ఫ్యాక్టరీలు అక్కడే ఉండేవి. వేఫర్లనీ పరికరాలనీ కడిగే ట్రైక్లోరో ఇథిలీన్ లాంటి ద్రావకాలని భూమిలో పాతిన ట్యాంకుల్లో ఉంచేవారు. ఆ ట్యాంకులు కారాయి. 1980ల మొదట్లో శాన్ హోసే దక్షిణాన తాగునీటి బావిలోనే ఆ మందులు తేలాయి. నలభై ఏళ్ళు దాటినా కొన్నిచోట్ల ఇంకా నేలలోంచి నీళ్ళు తోడి శుద్ధి చేస్తూనే ఉన్నారు. పైన చూస్తే పచ్చటి లాన్లు, అద్దాల ఆఫీసులు. బాగా చదువుకున్న ఫ్యాక్టరీ కాబట్టి పొగగొట్టం లేదు, అంచేత ఎవరికీ అనుమానం రాలేదు.

ఈ విషం బయటపడే నాటికే తయారీ మెల్లగా తూర్పుదారి పట్టింది. ఆర్‌సీఏ అనే పేరుమోసిన అమెరికన్ కంపెనీ 1970లో తైవాన్‌లోని తావ్‌యువాన్‌లో టీవీ సామాన్ల ఫ్యాక్టరీ పెట్టింది. పల్లెటూళ్ళ నుంచి వచ్చిన ఆడపిల్లలు వేలమంది అందులో పనిచేశారు. 1992లో ఫ్యాక్టరీ మూసేశారు. 1994లో తెలిసింది, కింద భూగర్భజలమంతా అవే ద్రావకాలతో నిండిపోయిందని. పనిచేసినవాళ్ళలో ఎందరో క్యాన్సర్ బారిన పడ్డారు. వాళ్ళు కోర్టుకెక్కితే 2015లో గానీ తొలి తీర్పు రాలేదు. కాలిఫోర్నియాలో దొర్లిన తప్పే ఇంకోచోటికి ప్రయాణం చేయడం నాకు దుర్మార్గమనే అనిపిస్తుంది. ఇప్పుడు గుజరాత్‌లో ధోలేరాలో మన దేశపు మొదటి పెద్ద చిప్పుల ఫ్యాక్టరీ లేస్తోంది. వానలు అంతంతమాత్రంగా పడే నేల అది. ఎన్ని వేల ఉద్యోగాలొస్తాయో చెప్పే మంత్రులు, ఏ కాలవ నీళ్ళు వాడతారో, కరువొస్తే ముందు ఎవరికి ఆపుతారో కూడా ఇప్పుడే చెబితే బావుంటుంది.

గనుల సంగతి ఎత్తితే తెల్లారిపోతుంది, గబగబా దాటేస్తాను. బ్యాటరీలోని కోబాల్టులో ప్రపంచానికి 70 శాతం దాకా ఇచ్చేది ఒక్క కాంగో దేశమే. కొల్వేజీ చుట్టుపక్కల చేత్తో తవ్వుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. స్పీకర్లో అయస్కాంతానికి కావాల్సిన నియోడిమియం కోసం చైనాలో బావ్‌తౌ ఊరి బయట వ్యర్థాల సరస్సే తయారైంది. మనకేం తక్కువ? రేడియోలు వాల్వులతో పాడే రోజుల్లో నెల్లూరు జిల్లా గూడూరు, సైదాపురం కాకిబంగారం ఓడలెక్కి విదేశాలకి పోయేది. కండెన్సర్లలో, వాల్వుల్లో పొరలు పొరలుగా దాన్నే వాడేవారు. ప్లాస్టిక్కులూ ట్రాన్సిస్టర్లూ వచ్చి ఆ గిరాకీని తగ్గించాయి. ఆ రేడియోలు విన్న లండన్ దొరగారికి సైదాపురం ఎక్కడుందో తెలుసని నేననుకోను.

ఇక నా పేచీ దగ్గరికి వద్దాం. పాడైపోయాక ఒక్క శాతం లోపేనన్న మాట.

2022లో ప్రపంచమంతా కలిపి 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగేసింది. అందులో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కకి దొరికింది 22 శాతమే. నార్వేలో మనిషికి ఏడాదికి 27 కిలోల దాకా. మన దేశంలో మూడు కిలోలు. "చూశారా, మనమెంత పొదుపరులమో!" అని చప్పట్లు కొట్టుకునే లోపు రెండో అంకె కూడా వినండి. ఐరోపాలో ఆ చెత్తలో 40 శాతం పైన పద్ధతిగా రీసైకిలింగుకి చేరుతోంది. ఆఫ్రికాలో ఒక్క శాతం కూడా చేరడం లేదు.

మనం ఈ రెంటికీ మధ్యన ఓ విచిత్రమైన చోట ఉన్నాం. అది తెలియాలంటే హైదరాబాద్ అబిడ్స్‌లో జగదీష్ మార్కెట్‌కి వెళ్ళాలి. ఇరుకు సందులు, తలుపంత వెడల్పు దుకాణాలు. అక్కడో సూర్యాపేట కుర్రాడు మైక్రోస్కోపు కళ్ళకి ఆనించుకుని కూర్చుంటాడు. ముందు నీలం రంగు రబ్బరు మ్యాట్, దాని మీద విప్పదీసిన ఫోన్ బోర్డు, బొటనవేలంత వెడల్పు. హాట్ గన్‌తో నాలుగు సెకన్లు వేడి ఊది, ఫ్లక్స్ పొగ ముక్కుకి తగులుతుండగా, ట్వీజర్‌తో నువ్వుగింజంత చిప్పుని అలవోకగా ఎత్తేస్తాడు. "బోర్డు మంచిగనే ఉంది సార్, ఛార్జింగ్ ఐసీ ఒక్కటే పోయింది" అంటాడు. పక్కనున్న చిల్లర డబ్బాలోంచి చచ్చిపోయిన ఇంకో ఫోన్ బోర్డు తీసి, దాంట్లోంచి అదే ఐసీ ఊడదీసి, దీనికి అంటిస్తాడు. గంటలో ఫోన్ వెలుగుతుంది. సర్వీస్ సెంటర్లో అయితే "బోర్డు మార్చాలి" అని కొత్త ఫోన్‌లో సగం ధర చెప్పేవాళ్ళు.

ఆ కుర్రాడు చేసిన పని ఆషామాషీది కాదు. తయారీలోనే 52 కిలోలు కాల్చుకొచ్చిన వస్తువుని ఇంకో రెండేళ్ళు నడిపించాడు. షిన్చూలో కొత్త చిప్పులు కడగాల్సిన నీళ్ళు మిగిల్చాడు. ఐరోపా సమాఖ్య ఇప్పుడు చట్టం చేసి మరీ, 2025 జూన్ నుంచి అమ్మే ఫోన్లకి ఏడేళ్ళపాటు విడిభాగాలు దొరకాలని కంపెనీలని ఒప్పించింది. మన సందుల్లో ఏ చట్టమూ లేకుండానే జరుగుతోంది ఆ పని. కొడుకు వాడేసిన ఫోన్ తండ్రికి, తండ్రి దగ్గర్నుంచి ఊళ్ళో పాలేరుకి, అక్కణ్ణుంచి వాళ్ళ పిల్లాడి గేముల్లోకి. మన దేశంలో ఫోన్‌కి ఆయుష్షు గట్టిది.

చావే దుర్భరం.

పూర్వం వీధిలోకి బండి వచ్చేది, పాత ఇనప సామాన్లకి ఉల్లిపాయలు. ఇప్పుడు అదే బండి మీద మైకులో రికార్డు, పాడైన సెల్‌ఫోన్లకి ప్లాస్టిక్ డబ్బాలు, స్టీలు గిన్నెలు. పనికొచ్చేవి జగదీష్ మార్కెట్ లాంటి చోట్లకి తిరిగొస్తాయి. మిగిలిన బోర్డులు మూటలు కట్టి ఉత్తరాదికి పోతాయి. ఢిల్లీలో సీలంపూర్‌లో విడగొడతారు. అక్కణ్ణుంచి మొరాదాబాద్. ఇత్తడి సామాన్లకి పేరుపడ్డ ఊరు, లోహం కరిగించడం తరతరాలుగా చేతికొచ్చిన విద్య. ఇత్తడి పని తగ్గాక ఆ చేతులు బోర్డుల మీద పడ్డాయి. బోర్డులు కాలుస్తారు, బూడిద రామ్‌గంగ ఒడ్డున జల్లెడ పట్టి కడుగుతారు. బంగారం కోసం యాసిడ్‌లో ముంచుతారు. అమెరికా పర్యావరణ సంస్థ లెక్క ప్రకారం పది లక్షల ఫోన్లలో 34 కిలోల బంగారం, 350 కిలోల వెండి, 16 టన్నుల రాగి ఉంటాయి. అంత ఆశ కళ్ళముందుంటే మాస్కు ఎవరు పెట్టుకుంటారు? అసలు ఎవరిస్తారు?

ఇందులో ఎంత విషం ఉందో కొలిచి చూసిన ఊరు చైనాలో గ్వియు. ఏళ్ళ తరబడి అమెరికా, జపాన్, ఐరోపాల పాత కంప్యూటర్లు ఎన్నో అక్కడికి చేరేవి. శాంతౌ విశ్వవిద్యాలయం పరిశోధకులు అక్కడి చిన్నపిల్లల రక్తంలో సీసం ఎంతుందో చూసి 2007లో అచ్చు వేశారు. డెసిలీటరుకి సగటున 15 మైక్రోగ్రాములు. ఆ పని చేయని పక్క ఊరు చెన్‌డియన్‌లో పది. ఈ తేడా పసిపిల్లల బుర్రల్లో జరిగిన నష్టం.

ఇదీ నా పేచీ. కంపెనీ జాతకంలో ఈ సీసం ఎక్కడా లేదు. ఆ లెక్క కొలిచేది కార్బన్‌ని. ఓ బోర్డుని తగలబెడితే వచ్చే బొగ్గుపులుసు వాయువు నిజంగానే చాలా తక్కువ, ఒక శాతం లోపే. కొలబద్ద అబద్ధం చెప్పడం లేదు. పిల్లాడి రక్తం ఆ కొలబద్ద మీద ఎక్కలేదు, అంతే. ఒకే వస్తువు చివరి మజిలీ బెల్జియంలో అయితే హోబోకెన్‌లోని పెద్ద స్మెల్టర్‌కి పోతుంది. ఫిల్టర్లూ తనిఖీలూ అన్నీ ఉంటాయి. అయినా 2020లో ఆ చుట్టుపక్కల పిల్లల రక్తంలో సీసం పెరిగిందని తేలి గగ్గోలైంది. చివరికి కంపెనీ దగ్గర్లోని ఇళ్ళు కొనడానికి ముందుకొచ్చింది. అక్కడ కొలిచారు, అడిగారు, కంపెనీ దిగొచ్చింది. మొరాదాబాద్‌లో అడిగే తల్లికి ఏ గేటు ముందు నిలబడాలో కూడా తెలియదు, ఎందుకంటే గేటే లేదు.

చట్టాలు లేక కాదు. 2011 నుంచీ రాస్తూనే ఉన్నాం. 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకొచ్చిన కొత్త నిబంధనల ప్రకారం, అమ్మిన కంపెనీయే ఇంత శాతం రీసైకిల్ చేయించినట్టు సర్టిఫికెట్లు కొనాలి. టీవీలూ ఏసీల లాంటి సామాన్ల విషయంలో వాటికి కిలోకి 22 రూపాయల కనీస ధర పెడితే కొన్ని పెద్ద కంపెనీలు కోర్టుకెళ్ళాయి. లక్ష రూపాయల టీవీలో కిలోకి ఇరవై రెండు రూపాయల దగ్గర గొడవ! హైదరాబాద్ చర్లపల్లిలో సీ-మెట్ అనే కేంద్ర పరిశోధన సంస్థ బోర్డుల నుంచి లోహాలు తీసే పద్ధతుల మీద ఏళ్ళుగా పనిచేస్తోంది. విద్య మన దగ్గరే ఉంది. గల్లీలో మూటలు కట్టేవాడి దగ్గరికి అది చేరితే కదా! వాణ్ణి తోసేసి చేస్తామంటే అయ్యే పని కాదని నా అభిప్రాయం, వాడికున్న నెట్‌వర్కు ఏ కార్పొరేట్ సంస్థకీ లేదు.

ఇంత విన్నాక "మరి మేమేం చేయాలండీ?" అని మీరు అడిగే తీరతారు. ఐరోపావాళ్ళు రాసిన సలహాలని మక్కికి మక్కి తెచ్చి మనకి అతికించకండి, అదొక్కటి చెప్పగలను. వాళ్ళు "ఏ వస్తువైనా ఎన్నాళ్ళు వాడితే అంత మంచిది" అంటారు. నార్వే, ఫ్రాన్స్ లాంటి చోట్ల అది నిజమే. కరెంటు శుభ్రం కాబట్టి వాడకంలో పోయేది లేదు, తయారీలోదే మొత్తం భారం. మనకి ఫోన్ విషయంలో, ల్యాప్‌టాప్ విషయంలో అది నిజం. డబ్బా టీవీ విషయంలో కాదు. పాత డబ్బా టీవీ తీసేసి చిన్న ఎల్‌ఈడీ పెడితే యాభై వాట్లు మిగులుతాయనుకోండి, రోజుకి ఐదు గంటల చొప్పున ఏడాదికి 90 యూనిట్లు, అరవై కిలోల పైన. కొత్త టీవీ తయారీలో వచ్చిన పొగ ఇక్కడ కొన్నేళ్ళలో తీరిపోతుంది. ఓస్లోలో అదే మార్పుకి ఏడాదికి మూడు కిలోలు కూడా మిగలదు, ఆ అప్పు మనవల కాలానికి గానీ తీరదు. డబ్బా టీవీ గాజులో సీసం దండిగా ఉంటుంది, బండివాడికి వేసే ముందు ఆలోచించండి. ఏసీ సంగతి చెప్పక్కర్లేదు. బెజవాడ ఎండాకాలం నాలుగు నెలలు, రాత్రికి ఎనిమిది గంటలు, సుమారు వెయ్యి యూనిట్లు, అంటే 700 కిలోలు. పదకొండు ఐఫోన్లు. స్టార్లు చూసి కొనండి, ఫోన్ ఛార్జర్ గురించి తర్వాత బాధపడొచ్చు.

అన్నిటికంటే మా ఇంట్లో తగువు తెచ్చింది సెట్‌టాప్ బాక్సు. రిమోట్‌తో ఆపితే ఎర్ర దీపం వెలుగుతుంది చూశారా, చాలా పాత బాక్సులు ఆ స్థితిలో కూడా ఇంచుమించు ఆన్‌లో ఉన్నప్పటంత కరెంటు లాగుతూనే ఉంటాయి. పది వాట్లే అనుకోండి. ఇరవైనాలుగు గంటలూ, మూడొందల అరవై ఐదు రోజులూ కలిపితే 88 యూనిట్లు, 60 కిలోలు దాటుతుంది. దాదాపు ఒక ఐఫోన్ పుట్టిన దగ్గర్నుంచి పోయేదాకా అయ్యేంత, ప్రతి ఏడాదీ, ఎవరూ చూడని వేళల్లో కూడా. ఈ లెక్క చెప్పి గోడ స్విచ్చు దగ్గరే ఆపేద్దామని నేను ప్రతిపాదిస్తే మా నాన్నగారు వీటో చేశారు. ఆపి మళ్ళీ వేస్తే బాక్సు తేరుకోవడానికి మూడు నాలుగు నిమిషాలు పడుతుంది, ఆ లోపు భక్తి ఛానల్లో సుప్రభాతం సగమైపోతుందని ఆయన అభ్యంతరం. వారం రోజుల చర్చల తర్వాత ఒప్పందం కుదిరింది. రాత్రి ఆఖరి సీరియల్ అయ్యాక గోడ స్విచ్చు ఆపే బాధ్యత నాది. తెల్లవారుజామున, పళ్ళు తోముకోవడానికి వెళ్ళే ముందే, దాన్ని వేసే బాధ్యత ఆయనది.